‘రాత్రి బాగా నిద్రపోయారు’ అని రాసే ముందు

నర్సింగ్ సిలబస్‌లో నిద్ర మూడు ముక్కలై మూడు చోట్ల పడి ఉంటుంది. మొదటి ఏడాది ఫిజియాలజీలో మెదడు కాండం బొమ్మ పక్కన నాలుగు వాక్యాలు. ఫండమెంటల్స్‌లో ‘విశ్రాంతి, నిద్ర’ అని ఓ చిన్న యూనిట్: దుప్పటి సర్దండి, లైటు తగ్గించండి, పడుకునే ముందు కాఫీ ఇవ్వకండి. ఆ తర్వాత ఎప్పుడో మెంటల్ హెల్త్ నర్సింగ్ మొదలయ్యాక, డిప్రెషన్ లక్షణాల పట్టికలో ‘నిద్రలో మార్పులు’ అని ఒక్క లైను. ఆ లైనుకీ మొదటి ఏడాది బొమ్మకీ ఉన్న సంబంధం ఏమిటో మమ్మల్ని ఎవరూ అడగలేదు. కపాల నాడులు పన్నెండూ వరసగా అప్పజెప్పమంటారు, అప్పజెబుతాం. బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం మందు రక్తంలో ఎంత ఉండాలంటే 0.6 నుంచి 1.2 అని ఠక్కున చెబుతాం. ఆ లిథియం వేసుకునే మనిషి నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడంటే మాత్రం కేస్ షీటులో ‘స్లెప్ట్ వెల్’ అని ఉంటుంది, అంతే.

నా వాదన ఇది. నిద్రను బీపీ, పల్స్‌లతో సమానంగా నేర్పాలి, సమానంగా రాయాలి. డాక్టరు రౌండ్స్‌కి వచ్చే వేళకి అందరూ లేచే ఉంటారు. సైకాలజిస్టు పగలే మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు విజిటింగ్ అవర్స్‌లో వస్తారు. రోగి మెదడు రాత్రంతా ఏం చేసిందో కళ్లారా చూసే అవకాశం ఉన్నది నైట్ డ్యూటీ సిస్టర్‌కే. ఆ గమనికని రెండు మాటలతో సరిపెడితే, ఇంకెవరికీ దొరకని సమాచారాన్ని మన చేత్తో మనమే పారేసినట్టు.

నాడీ వ్యవస్థ చాప్టర్‌తో ఇబ్బంది ఏమిటంటే, అందులో పేర్లు బోలెడు, మనిషి మాత్రం కనపడడు. మెడుల్లా, పాన్స్, మిడ్‌బ్రెయిన్, థాలమస్. రంగు పెన్సిళ్లతో బొమ్మ గీసి పేర్లు రాస్తే మార్కులు పడతాయి. నాకు ఆ బొమ్మలో మనిషి కనపడింది కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనమో గురించి చదివినప్పుడు. 1917 ప్రాంతంలో వియన్నాలో ఆయన దగ్గరికి ఒక వింత మెదడువాపుతో రోగులు వచ్చేవారు. చాలామంది పగలూ రాత్రీ పడుకునే ఉండేవారు; లేపితే లేచి, మాట్లాడి, అంతలోనే మళ్లీ నిద్రలోకి జారిపోయేవారు. కొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేకం, రోజుల తరబడి కునుకే పట్టేది కాదు. చనిపోయినవాళ్ల మెదళ్లను పరీక్షిస్తే, అతినిద్ర రోగులకు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగంలో వెనకవైపు మిడ్‌బ్రెయిన్‌తో కలిసే చోట దెబ్బతింది. నిద్ర పట్టనివాళ్లకు హైపోథాలమస్ ముందుభాగంలో దెబ్బతింది. అంటే మనల్ని మెలకువగా ఉంచే చోటు వెనక ఉంది, నిద్రపుచ్చే చోటు ముందు ఉంది. మనిషి మెదడు తరంగాలను హాన్స్ బెర్గర్ మొదటిసారి నమోదు చేసింది 1924లో. ఆ తరంగాల నమోదుకి ఈఈజీ అనే పేరే లేని రోజుల్లో, మంచం పక్కన చూసినదాన్నీ సూక్ష్మదర్శిని కింద చూసినదాన్నీ జతచేసి వాన్ ఎకనమో ఇంత దూరం వెళ్లాడు. 1998లో హైపోథాలమస్‌లో ఒరెక్సిన్ అనే పదార్థం బయటపడింది. దాన్ని తయారుచేసే న్యూరాన్లు నశిస్తే నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, వస్తుందనీ తర్వాత తేలింది. వాన్ ఎకనమో అంచనా చాలావరకూ నిలబడిందన్నమాట.

నిద్ర అంటే మెదడు స్విచ్ ఆఫ్ కావడమని చాలామంది అనుకుంటారు. నిజానికి మెదడు పనిగట్టుకుని చేసే పని అది. 1949లో మొరుజ్జి, మాగౌన్ మెదడు కాండంలోని రెటిక్యులర్ ఫార్మేషన్‌ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే, నిద్ర తరంగాలు చూపిస్తున్న పిల్లుల ఈఈజీ ఒక్కసారిగా మెలకువ తీరుకి మారింది. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, ఆయన గైడ్ క్లైట్‌మన్ కలిసి రెమ్ నిద్ర, అంటే కనుగుడ్లు వేగంగా కదిలే నిద్ర దశ, గురించి ప్రచురించారు. అసెరిన్‌స్కీ తన కొడుక్కే ఎలక్ట్రోడ్లు అంటించి రాత్రంతా కాగితం మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు. కళ్లు మూసుకుని పడుకున్న పిల్లాడి కనుగుడ్లు గిరగిరా తిరుగుతున్నాయి. మొదట మెషీనే పాడైందేమో అనుకున్నారట! విద్యార్థిగా ఈ వివరం నాకు భలే ధైర్యాన్నిచ్చింది.

ఇప్పుడు ఈ పరిజ్ఞానాన్ని వార్డులోకి తీసుకొద్దాం. నిద్రలో ఉన్న మనిషిని గమనించడం కూడా ఒక ప్రొసీజరే, ఎవరూ చేసి చూపించరు గానీ. టార్చి ముఖం మీద వేయకూడదు, నేల మీదికో మంచం కిందికో వేసి ఆ వెలుగులోనే చూడాలి. మంచం కాళ్ల వైపు నిలబడి కనీసం ఒక నిమిషం ఛాతీ చూడాలి. గాఢ నిద్రలో శ్వాస నిదానంగా, ఒకే తీరుగా సాగుతుంది. రెమ్‌లో అదే శ్వాస ఎగుడుదిగుడుగా మారుతుంది, రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి, కాళ్లూ చేతులూ వదులుగా పడి ఉంటాయి, అప్పుడప్పుడూ ఒక వేలు చిటుక్కున కదులుతుంది. మెలకువగా ఉండి కళ్లు మూసుకున్న మనిషి గుటక వేస్తాడు. మీ అడుగుల చప్పుడు దగ్గరికి రాగానే శ్వాస మరీ పద్ధతిగా మారుతుంది. మీరు వెళ్లిపోయాక పక్కకి తిరుగుతాడు. గురక పెట్టే మనిషైతే గురక ఆగినప్పుడు సెకన్లు లెక్కపెట్టాలి. పది సెకన్లు దాటాక ఊపిరి అందనట్టు ఎగశ్వాసతో మళ్లీ మొదలైతే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. పగలంతా నీరసం, చిరాకు, ఏకాగ్రత లేకపోవడంతో ‘డిప్రెషన్’ అని ముద్ర పడినవాళ్లలో ఆప్నియా ఉన్నవాళ్లూ ఉంటారు. కలలో ఎవరితోనో పోట్లాడుతున్నట్టు అరుస్తూ చేతులు విసిరే పెద్దవయసు రోగి గురించి ‘రాత్రి గొడవ చేశారు’ అని రాసేస్తాం. అది రెమ్ నిద్రలో కండరాలు వదులు కావలసిన చోట కాకపోవడం కావచ్చు. 1986లో వర్ణించిన ఈ సమస్య, పార్కిన్సన్స్ లాంటి జబ్బులు బయటపడటానికి ఏళ్ల ముందే కనిపించవచ్చు. అది గొడవో మెదడు పంపిన కబురో తేలాలంటే, చూసినది చూసినట్టు రాసినవాళ్లు ఉండాలి.

ఇక మూడ్ డిజార్డర్లు. మానసిక జబ్బుల నిర్ధారణకి వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి. దిగులు గానీ ఆసక్తి పోవడం గానీ అందులో తప్పనిసరి. నిద్ర ఆ తొమ్మిదిలో ఒకటి. పట్టికలో చదివితే అన్నిటికీ ఒకే బరువున్నట్టు అనిపిస్తుంది. పోస్టింగ్‌లో ఒక పెద్దావిడ నాతో అన్న మాటలు ఇవి: “పడుకోగానే పడుతుందమ్మా. తొమ్మిదింటికి పడుకుంటే మూడింటికల్లా కళ్లు తెరుచుకుంటాయి. ఇక తెల్లారేదాకా ఎన్ని ఆలోచనలో. అప్పుడే అన్నీ మీద పడతాయి. సాయంత్రానికి కాస్త నయం.” ఆవిడ షీటులో రాత్రి పన్నెండింటి రౌండుకి నిద్ర, రెండింటి రౌండుకి నిద్ర అని ఉంది. ఆరింటికి ‘స్లెప్ట్ వెల్’. రాసిన సిస్టర్ అబద్ధమేమీ రాయలేదు, ఆ రెండు వేళల్లో ఆవిడ నిజంగానే నిద్రలో ఉంది. మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, పొద్దున్నే దిగులు ఎక్కువై సాయంత్రానికి తేలికపడటం, ఈ రెండూ కలిస్తే మెలాంకోలిక్ డిప్రెషన్‌కి దాదాపు సంతకం లాంటివి. ఆ సంతకం సరిగ్గా రౌండ్ల మధ్య ఖాళీలో జారిపోయింది.

అందరికీ ఇలాగే ఉండదు. ఆందోళన ఎక్కువ ఉన్న మనిషికి అసలు నిద్ర పట్టడమే కష్టం. దిగులూ, దానికి ఎదురైన మితిమీరిన ఉషారూ (మేనియా) మారి మారి వచ్చే బైపోలార్ జబ్బులోని డిప్రెషన్‌లోనూ, చలికాలం వచ్చేసరికి మొదలయ్యే సీజనల్ డిప్రెషన్‌లోనూ చాలామంది మామూలుకంటే ఎక్కువగా పడుకుంటారు, అయినా బడలిక తీరదు. వీళ్లందరికీ ‘నిద్రలో మార్పులు’ అని ఒకటే డబ్బాలో టిక్ పెడితే ఎవరి గురించి ఏం చెప్పినట్టు?

మేనియాలో తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది, అయినా అక్కడే పొరబడతారు. నిద్ర పట్టనివాడు నిద్ర కావాలంటాడు, అలసిపోయి ఉంటాడు, పొద్దున్నే కళ్లు మండుతుంటాయి. మేనియాలోకి వెళ్తున్న మనిషికి నిద్ర అవసరమే తగ్గిపోతుంది. “రెండు గంటలు చాలు సిస్టర్, మీరంతా అంతంతసేపు ఎలా పడుకుంటారో” అని ఉషారుగా అనే కుర్రాడిని చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి బట్టలు మడతపెడుతూ, పక్క మంచం ఆయన్ని లేపి తన కొత్త పథకం చెబుతూ, చివరికి నాకే సలహాలిస్తూ ఉన్నాడు. ముఖంలో అలసట ఛాయ కూడా లేదు. ఇద్దరి షీట్లలోనూ ‘రెండు గంటలు నిద్రపోయారు’ అనే రాస్తే అంకె ఒకటే అవుతుంది, అర్థం మాత్రం ఎదురెదురు. మొదటివాళ్లకి నిద్ర పట్టే మార్గం చూడాలి. రెండోవాళ్ల గురించి డాక్టరుకి ఆ రాత్రే ఫోన్ చేయాలి. అందుకే గంటల అంకె పక్కన ‘లేచాక ఎలా ఉన్నారు’ అన్నది రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

పైగా మేనియాలో నిద్ర తగ్గడం లక్షణమే కాదు, కారణం కూడా కాగలదు. ప్రయాణం, పెళ్లి హడావుడి, పసిబిడ్డ, పరీక్షలు, నైట్ షిఫ్టు... వరసగా కొన్ని రాత్రులు నిద్ర చెడితే, బైపోలార్ ఉన్నవాళ్లలో కొందరికి మేనియా అక్కడే మొదలవుతుంది. పడుకునే వేళ, లేచే వేళ, తినే వేళ స్థిరంగా ఉంచడమే ముఖ్యంగా పెట్టుకుని పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ బృందం ఒక చికిత్సా పద్ధతినే తయారుచేసింది. మందులకి బదులుగా కాదు, వాటితోపాటు. ఇంట్లోవాళ్లకి మనం ఇచ్చే హెల్త్ ఎడ్యుకేషన్‌లో ‘మందులు మానకండి’ తర్వాత రెండో మాట ఇదే కావాలి: వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గి, అయినా మనిషి హుషారుగా ఉంటే, మూడో రాత్రి దాకా ఆగకండి.

‘డిప్రెషన్ తగ్గితే నిద్ర అదే వస్తుంది’ అన్న మాట వార్డులో చాలాసార్లు వింటాం. అది పాత కాలపు ఆలోచన. నిద్రలేమిని వేరే జబ్బుకి తోకలా చూసిన రోజుల్లో పుట్టింది. 1989లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద సర్వే అధ్యయనంలో, ఏడాది తేడాతో రెండుసార్లు మాట్లాడినప్పుడూ నిద్ర పట్టడం లేదని చెప్పినవాళ్లలో ఆ మధ్యకాలంలో కొత్తగా డిప్రెషన్ వచ్చినవాళ్లు చాలా ఎక్కువగా కనిపించారు. అలాంటి అధ్యయనాలనే కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణలో, నిద్రలేమి ఉన్నవాళ్లకి తర్వాత డిప్రెషన్ వచ్చే ముప్పు సుమారు రెట్టింపని తేలింది. 2013లో డీఎస్ఎం-5 వచ్చినప్పుడు ‘ఇది అసలు నిద్రలేమి, అది ఇంకో జబ్బు వల్ల వచ్చిన నిద్రలేమి’ అన్న విభజననే తీసేశారు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలల పాటు ఉంటే, పక్కన డిప్రెషన్ ఉన్నా సరే, నిద్రలేమిని విడిగా గుర్తించి చికిత్స చేయాలి. నిద్ర తగ్గి, దిగులుతో ఉన్న రోగి దగ్గర ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడగాలన్నది కూడా ఇక్కడి నుంచే వస్తుంది. నిద్రలేమి అందులో ఒక ప్రమాద సూచన. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయానికి ఆధారం లేదు.

ఇంతవరకూ చదివి ‘సరే, నిద్ర మంచిది, అందరినీ పడుకోబెడదాం’ అనుకుంటే, ఒక విచిత్రం చెప్పాలి. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని ఒక రాత్రంతా మేల్కొలిపి ఉంచితే, సుమారు సగం మందిలో మర్నాటికే మూడ్ గణనీయంగా మెరుగుపడుతుంది. జర్మనీలో ప్ఫ్లుగ్, ట్యోలె 1971లో దీన్ని పద్ధతిగా ప్రచురించారు. యాంటీడిప్రెసెంట్ పనిచేయడానికి వారాలు పడితే, ఇది గంటల్లో పనిచేస్తుంది. చిక్కేమిటంటే, చాలామందిలో తర్వాతి రాత్రి నిద్రపోగానే దిగులు మళ్లీ తిరిగొస్తుంది. బైపోలార్ ఉంటే మేనియా వైపు తిరిగే ముప్పు కూడా ఉంది. కాబట్టి ఎవరూ ఇంట్లో సొంతంగా చేసి చూడకూడదు. కానీ నా వాదనకి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. ఒక్క రాత్రి నిద్రను కదిపితే మూడ్ కదులుతోందంటే, రెండూ వేర్వేరు చాప్టర్ల వస్తువులని ఎలా అంటాం? మనల్ని మెలకువగా ఉంచే న్యూరాన్ల గుంపుల్లో లోకస్ సెరూలియస్ నారడ్రినలిన్‌ది, రేఫే న్యూక్లియైలు సెరటోనిన్‌వి. మెలకువలో చురుగ్గా ఉండి, గాఢ నిద్రలో నెమ్మదించి, రెమ్‌లో దాదాపు మూగబోతాయి. మనం ఇచ్చే యాంటీడిప్రెసెంట్లలో ఎక్కువ భాగం పనిచేసేది కూడా ఈ రెండు రసాయనాల మీదే. సెరటోనిన్ మీద పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు వేసుకున్నవారిలో రెమ్ తగ్గుతుంది, కొందరికి నిద్ర చెడుతుంది, అందుకే పొద్దున ఇస్తాం. మిర్టజపైన్ అనే యాంటీడిప్రెసెంట్ మత్తునిస్తుంది, రాత్రి ఇస్తాం. డ్రగ్ చార్టులో ఆ వేళలు ఊరికే రాయలేదు. అలాగని ‘సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్’ అని ఒక్క వాక్యంలో తేల్చేయడం కూడా తప్పే. మాత్ర వేసిన గంటల్లోనే సెరటోనిన్ మీద ప్రభావం మొదలవుతుంది, మనసు తేరుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో మెదడు ఏం సర్దుకుంటోందో తేలిగ్గా చెప్పే వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక్కడ సీనియర్ సిస్టర్ల అభ్యంతరం నాకు తెలుసు. “ముప్పై మంచాలకి ఇద్దరం. వైటల్స్, ఇంజెక్షన్లు, అడ్మిషన్లు, ఒక కార్డియాక్ అరెస్టు. ఇందులో ఒక్కొక్కరి కనుగుడ్లు చూస్తూ నిలబడాలా?” న్యాయమైన మాటే. అందరికీ అక్కర్లేదు. మూడ్ డిజార్డర్ ఉన్నవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు, కొత్తగా మత్తు మందు మొదలుపెట్టినవాళ్లు, డెలీరియం (ఉన్నట్టుండి వచ్చే తికమక) ముప్పు ఉన్న పెద్దవాళ్లు, వీళ్ల దగ్గర చాలు. మిగతావాళ్లని పొద్దున అడిగితే సరిపోతుంది. ఐసీయూ రోగుల నిద్ర కొలిచేందుకు వాడే రిచర్డ్స్-క్యాంప్‌బెల్ ప్రశ్నావళిలో ఉన్నవి ఐదే అంశాలు: ఎంత గాఢంగా పట్టింది, ఎంతసేపటికి పట్టింది, ఎంత తరచుగా మెలకువ వచ్చింది, మళ్లీ పట్టిందా, మొత్తం మీద ఎలా ఉంది. టెంపరేచర్ చూస్తూ చూస్తూ అడిగేయొచ్చు. రోగిని అడగడం ఎందుకు అవసరమంటే, నర్సులు దూరం నుంచి చూసి వేసే అంచనాలో నిద్ర ఉన్నదానికంటే మెరుగ్గా కనపడుతుందని ఐసీయూల్లో చేసిన పోలికల్లో తేలింది. మరోవైపు, దీర్ఘకాల నిద్రలేమి ఉన్నవాళ్లలో కొందరు తాము అసలు పడుకోలేదంటారు, ఈఈజీలో మాత్రం గంటల నిద్ర ఉంటుంది. అందుకే రెండూ కావాలి, మనం చూసిందీ వాళ్లు చెప్పిందీ. ఆ రెంటికీ తేడా వస్తే అది కూడా రాయాలి.

ఇంకో అభ్యంతరం మన మీద మనమే వేసుకోవాలి. వార్డులో నిద్ర పాడుచేసేవాళ్లలో మొదటి వరుసలో ఉన్నది మనమే. రాత్రి వార్డు గదిలో సగటు శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అంటే గుసగుస స్థాయి. ఇంజెక్షన్ ట్రే స్టీలు టేబుల్ మీద పెట్టిన చప్పుడుకే అది దాటిపోతుంది. రోగిని కావాలని గానీ పొరపాటున గానీ లేపకపోవడం మంచి నర్సింగ్‌కి తప్పనిసరి షరతని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. ఆవిడ గమనించిన ఇంకో విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. మొదటి నిద్రలో ఉన్నప్పుడే లేపేస్తే ఆ రోగికి ఇక ఆ రాత్రి నిద్ర ఉండదనీ, కొన్ని గంటలు పడుకున్నాక లేపితే మళ్లీ పట్టే అవకాశం ఎక్కువనీ అంది. తొంభై నిమిషాల చక్రాలూ, గాఢ నిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడో వంతులోనే ఉంటుందన్న సంగతీ అప్పటికి ఎవరికీ తెలియవు. మంచం పక్కన కూర్చుని చూసిందంతే. మనం అవన్నీ చదువుకుని కూడా, పదకొండింటికి నిద్రపట్టిన మనిషిని పన్నెండింటికి బీపీ కోసం లేపుతాం, ఒంటిగంటకి ఇంకొకరు వచ్చి యాంటీబయాటిక్ కోసం లేపుతారు. రెండూ ఒకేసారి చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆర్డరు రాసేటప్పుడు ఎవరూ పక్క కాలమ్ చూడలేదు, అంతే.

1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 70 ఏళ్లు దాటిన 852 మంది ఇన్‌పేషెంట్ల మీద ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. నిద్రమాత్రకి బదులు గోరువెచ్చని పానీయం, నెమ్మదైన సంగీతం, వీపు మర్దన, వార్డులో చప్పుడు తగ్గించడం. వీటితోపాటు నడిపించడం, కళ్లజోడు, వినికిడి సాధనం అందుబాటులో ఉంచడం లాంటివి. డెలీరియం మామూలు వార్డుల్లో 15 శాతం మందికి వస్తే, ఇక్కడ 9.9 శాతం మందికి వచ్చింది. పాత పుస్తకాల్లో ‘బ్యాక్ కేర్’ అని ఉండే పనికి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఏం కావాలి? ఏ పనీ నిద్రమాత్ర అంత తేలిక కాదు, నిజమే. కానీ బెంజోడయజెపీన్లు అనే నిద్రమాత్రలు పైపైన నిద్రపుచ్చి గాఢ నిద్రని తగ్గిస్తాయి. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోవడం, తికమక పడటం వాటి బిల్లు. దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదనీ, నిద్ర అలవాట్ల మీద పనిచేసే సీబీటీ-ఐ అనీ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో స్పష్టంగా చెప్పింది.

లేపి తీరవలసిన రోగులూ ఉన్నారు, అక్కడ జాలి పనికిరాదు. తలకి గాయమైన మనిషి ‘హాయిగా గురకపెట్టి నిద్రపోతున్నాడు’ అంటే గుండె ఝల్లుమనాలి. టీస్‌డేల్, జెన్నెట్ 1974లో గ్లాస్గో కోమా స్కేల్ ఇచ్చింది ఈ అనుమానం తీర్చడానికే. కళ్లు 4, మాట 5, కదలిక 6. పిలిస్తే కళ్లు తెరిచి, తన పేరు, ఉన్న చోటు చెప్పి, ‘మళ్లీ వచ్చారా’ అని విసుక్కుని పడుకుంటే అది నిద్ర. ఆ విసుగు చాలా ఆరోగ్యకరమైన లక్షణం! పిలుపు చాలక నొప్పి కలిగిస్తే గానీ కళ్లు తెరవకపోతే అది నిద్ర కాదు. గంట క్రితం ఎలా ఉన్నాడో సరిగ్గా రాసి ఉంటేనే ఇప్పటి మార్పు పట్టుబడుతుంది. నిద్రకీ స్పృహ తగ్గడానికీ మధ్య గీత గీయగలగాలంటే మామూలు నిద్ర ఎలా ఉంటుందో ముందు చూసి ఉండాలి కదా. ఆ చూపు అలవడేది సైకియాట్రీలోనూ మెడికల్ వార్డులోనూ, ప్రశాంతంగా ఉన్న రాత్రుల్లో.

ఇంతా చెప్పి మన నిద్ర గురించి మాట్లాడకపోతే ఎలా. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియాలో కొలిచి చూపించారు. పన్నెండున్నర గంటలు, అంతకు మించిన షిఫ్టుల్లో నర్సుల పొరపాట్లు మూడు రెట్లు పెరిగాయని 2004 నాటి అమెరికన్ అధ్యయనం చెబుతుంది. మెదడులోని గడియారం సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్, దాదాపు 20,000 న్యూరాన్లు, 24 గంటలకంటే కొంచెం నిదానంగా నడుస్తుంది. అందుకే ఉదయం, సాయంత్రం, రాత్రి అనే వరసలో షిఫ్టులు మారితే శరీరానికి కాస్త తేలిక, తలకిందులైతే కష్టం. రోస్టర్ వేసేవాళ్లు కూడా ఫిజియాలజీ పాసయినవాళ్లే, అయినా రోస్టర్‌లో అది కనపడదు.

మాతో చదివిన ఒకమ్మాయికి బైపోలార్ ఉంది. మందుల మీద బాగుంది, మార్కులు బాగా వచ్చేవి, రోగులతో ఎంతో ఓపిగ్గా ఉండేది. నైట్ పోస్టింగులు మొదలయ్యేసరికి తన భయమంతా ఒక్కటే. వరస నైట్లు తనకి మంచివి కావని డాక్టరు చెప్పారు, ఆ కాగితం చూపిస్తే విషయం నలుగురికీ తెలుస్తుంది. సంకోచిస్తూనే చూపించింది. ‘నైట్లు చేయలేనిదానివి నర్సింగ్‌కి ఎందుకొచ్చావు’ అన్నారు. వెన్నునొప్పి ఉన్న విద్యార్థికి బరువులెత్తే పని తప్పిస్తారు, చర్మానికి పడకపోతే వేరే గ్లవ్స్ తెప్పిస్తారు. నిద్ర చెడితే మేనియా రావచ్చని మాకు పాఠం చెప్పింది ఆ కాలేజీయే. అదే పాఠం తమ విద్యార్థి డాక్టరు చీటీలో కనపడితే సాకు అన్నారు. తర్వాత ఆ అమ్మాయే దారి వెతుక్కుంది. క్లాస్‌మేట్స్‌తో డ్యూటీలు మార్చుకుని, నైట్లు విడివిడిగా వేయించుకుని, పగటి నిద్రకి కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎన్ని గంటలు పడుకుందో ఓ చిన్న నోట్‌బుక్‌లో రోజూ రాసుకుని కోర్సు పూర్తి చేసింది. ఆ నోట్‌బుక్‌లో గంటల పక్కనే ఇంకో కాలమ్ ఉండేది, ‘లేచాక ఎలా ఉంది’ అని.